వ్యానులో కాపురం: ఏ సదుపాయానికి ఏది ఎంచుకోవాలి?

వ్యానునో క్యాంపర్‌నో (లోపల పడుకునే, వండుకునే ఏర్పాట్లున్న బండినో) ఇల్లు చేసుకోవాలనుకునేవాళ్లు చాలామంది మంచం ఎటు వేయాలి, అలమరాలు ఎన్ని పెట్టాలి అన్న దగ్గర మొదలుపెడతారు. నేను మాత్రం ముందు రెండు ప్రశ్నలకు జవాబు రాసుకోమంటాను. ఒకే చోట సాధారణంగా ఎన్ని రోజులు ఆగుతారు? నీళ్లు ఎక్కడ పట్టుకుంటారు, మలినాలు ఎక్కడ ఖాళీ చేస్తారు? ఇవి తేలకుండా ఏ వస్తువు కొన్నా అది మీకు నప్పుతుందో లేదో ఎవరూ చెప్పలేరు. రోజూ రెండు మూడు గంటలు బండి నడిపేవాళ్లకు చిన్న బ్యాటరీ చాలు. వారం పాటు ఒకే చెట్టు కింద ఆగి ల్యాప్‌టాప్ మీద పని చేసుకునేవాళ్లకు అదే బ్యాటరీ రెండో రోజుకే చేతులెత్తేస్తుంది. క్యాంప్‌సైట్లలో (ఇలాంటి బండ్లు ఆపుకుని బస చేసే చోట్లలో) దిగేవాళ్లకు హాయిగా ఉండే టాయిలెట్, ఊళ్లకు దూరంగా ఉండేవాళ్లకు గుదిబండ అవుతుంది.

మొదట తేల్చాల్సింది టాయిలెట్

దీని గురించి అడగడానికి మొహమాటపడి చాలామంది ఆఖరికి వదిలేస్తారు. ఎక్కడ ఎన్నాళ్లు ఆగగలం, ఎన్ని నీళ్లు మోయాలి అన్నవి రెండూ దీని మీదే ఆధారపడతాయి కాబట్టి నేను దీనితోనే మొదలుపెడుతున్నాను.

క్యాసెట్ టాయిలెట్ వాడకానికి ఇంట్లో కమోడ్‌కు దగ్గరగా ఉంటుంది. కూర్చుంటారు, కొద్దిగా నీళ్లు వదులుతారు, అంతా కింది డబ్బాలోకి పోతుంది. డబ్బా సాధారణంగా 17 నుంచి 20 లీటర్లు పడుతుంది. బండికి బయటివైపున్న చిన్న తలుపు తీసి దాన్ని లాగి, ఖాళీ చేసి, కడిగి, రసాయనం పోసి మళ్లీ తోసేయాలి. ఇద్దరు మనుషులకు రెండు మూడు రోజుల్లో నిండుతుంది. నిండినప్పుడు ఇరవై కిలోలకు పైగా బరువుంటుంది, కాబట్టి దాన్ని మోసేది ఎవరో ముందే ఆలోచించుకోండి. దీనికి ఉన్న అసలు చిక్కు ఖాళీ చేసే చోటు. క్యాంప్‌సైట్లలో అందుకోసం ప్రత్యేకంగా కట్టిన చోట్లు ఉంటాయి. అవి లేని ప్రాంతంలో తిరిగితే రోజు ప్రయాణం మొత్తం ఆ డబ్బా చుట్టూనే తిరుగుతుంది. రసాయనం కొనేటప్పుడు ఫార్మాల్డిహైడ్ లేనిది చూసుకోండి. ఫార్మాల్డిహైడ్ సెప్టిక్ ట్యాంకులో మలినాలను కుళ్లబెట్టే బ్యాక్టీరియాను చంపేస్తుంది. అలాంటివి పోసినందుకే కొన్ని చోట్ల బండ్లను రానివ్వడం మానేశారు.

రెండోది మూత్రాన్ని వేరుచేసే డ్రై టాయిలెట్. దీనికి నీళ్లు అక్కర్లేదు. కంపులో ఎక్కువ భాగం మలమూత్రాలు కలవడం వల్ల వస్తుంది. మలంలోని బ్యాక్టీరియా మూత్రంలోని యూరియాను వేగంగా అమోనియాగా మారుస్తుంది. అందుకే ఇందులో మూత్రం ముందువైపున్న సీసాలోకి, మలం వెనకవైపున్న డబ్బాలోకి పోయేలా సీటును మలిచారు. డబ్బాలో ఎండు కొబ్బరి పొట్టో రంపపు పొట్టో వేసి, చిన్న ఫ్యానుతో గాలిని బయటికి పంపితే వాసన ఆశ్చర్యపోయేంత తగ్గుతుంది. సీసాను మాత్రం రోజూ ఖాళీ చేయాల్సిందే, ఎందుకంటే ఒక్కో మనిషికి రోజుకు లీటరు నుంచి రెండు లీటర్ల వరకు వస్తుంది. డబ్బా సంగతి వేరు, అది కొన్ని రోజులు ఆగుతుంది. మగవాళ్లు కూడా కూర్చునే వాడాలి. చుట్టాలు, చిన్నపిల్లలు ఉన్న బండిలో ఇది నేర్పడం కొంచెం కష్టమే.

డ్రై టాయిలెట్లు అమ్మేవాళ్లు కొందరు అది లోపలే ఎరువుగా మారిపోతుందంటారు. నమ్మకండి. మలం పూర్తిగా ఎరువు కావడానికి నెలలు పడుతుంది, వ్యానులోని చిన్న డబ్బాకు అంత వ్యవధి ఉండదు. బయటికి వచ్చేది పొట్టు పట్టిన మలమే. అందుకని దాన్ని ఎలా పారేయాలన్నది ఆ ప్రాంతం నిబంధనల ప్రకారం చేయాలి. వాగులకు, చెరువులకు దగ్గర్లో పాతిపెట్టడం ఎక్కడా మంచిది కాదు.

బండిలో ఏమీ పెట్టుకోకుండా పబ్లిక్ టాయిలెట్ల మీద ఆధారపడదామనుకునేవాళ్లు ఒక్క సంగతి గుర్తుంచుకోండి. అర్ధరాత్రి విరేచనాలు పట్టుకున్నప్పుడు దగ్గర్లో తెరిచిన తలుపు దొరకదు. బిగుతు మూత ఉన్న బకెట్, సంచులు, పొట్టు అయినా ఉండి తీరాలి. నా మటుకు, వారంలో రెండుసార్లయినా క్యాంప్‌సైట్‌లో దిగేవాళ్లకు క్యాసెట్, అంతకంటే తక్కువగా దిగేవాళ్లకు డ్రై టాయిలెట్ మంచిదంటాను. వయసు పైబడినవాళ్లు ఉంటే, రోజులెన్నయినా సరే క్యాసెట్ వైపే మొగ్గుతాను.

నీళ్లు: ట్యాంకా, క్యాన్లా?

లీటరు నీళ్లు కిలో బరువు. వంద లీటర్ల ట్యాంకు నింపితే వంద కిలోలు ఎక్కినట్టే. స్నానం కాకుండా తాగడానికి, వంటకు, గిన్నెలకు, మొహం కడుక్కోవడానికి జాగ్రత్తగా వాడే మనిషికి రోజుకు ఎనిమిది నుంచి పది లీటర్లు సరిపోతాయి. ధార ఆపుకుంటూ చేసే స్నానానికి మరో ఆరేడు లీటర్లు.

బిగించిన ట్యాంకు సౌకర్యమే, కానీ నింపడానికి బండి కుళాయి దాకా వెళ్లాలి, పైపు అందాలి. క్యాన్లయితే ఏ కుళాయి దగ్గరైనా పట్టుకుని నడిచి రావచ్చు. ఇరవై లీటర్ల క్యాన్లు కొనకండి, పది లీటర్లవి రెండు కొనండి. చెరో చేతికి ఒకటి పట్టుకుంటే నడుం మీద భారం సమంగా పడుతుంది. చలి దేశాల్లో తిరిగేవాళ్లయితే ట్యాంకును బండి కింద కాకుండా లోపలే పెట్టించుకోవాలి, గడ్డకట్టిన నీళ్లు పైపుల్ని చీల్చేస్తాయి.

ఇక్కడ చాలామంది పట్టించుకోని చిన్న ఎంపిక ఒకటుంది: కాలితో తొక్కే పంపు. కరెంటు పంపుతో కుళాయి తిప్పగానే నీళ్లు ధారాళంగా వస్తాయి, పోతాయి కూడా. కాలి పంపుతో తొక్కినంతే వస్తుంది, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. అదే ట్యాంకు మరో రోజు ఎక్కువ వస్తుంది. ఒకే చోట ఎక్కువ రోజులు ఆగేవాళ్లకు ఇదే పెట్టుకోమని గట్టిగా చెబుతాను. వాడేసిన నీళ్లకు ట్యాంకు వేరే పెట్టుకుని, దాన్ని మంచినీళ్ల ట్యాంకు కంటే ముందే ఖాళీ చేసే అలవాటు చేసుకోండి. రెండు ఎండ రోజులు నిల్వ ఉంటే చాలు, కంపు సింకులోంచి లోపలికి వస్తుంది.

కరెంటు లెక్క ముందు, బ్యాటరీ తర్వాత

కరెంటును ఇంటి బిల్లులో లాగే యూనిట్లలో ఆలోచిస్తే తికమక ఉండదు. 12 వోల్టుల 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీ అంటే సుమారు 1.2 యూనిట్లు. ఇప్పుడు ఖర్చు చూడండి. వేసవిలో మామూలు కంప్రెసర్ ఫ్రిజ్‌కు రోజుకు దాదాపు అర యూనిట్. 50 వాట్లు తినే ల్యాప్‌టాప్ ఎనిమిది గంటలు నడిస్తే 0.4 యూనిట్. లైట్లు, ఫోన్లు, ఫ్యాను కలిపి మరో 0.2. మొత్తం 1.1 యూనిట్ల దగ్గర ఆగుతుంది. వంట దీన్లో లేదు.

ఏజీఎం (నీళ్లు పోయనక్కర్లేని మూసిన రకం) లాంటి లెడ్ యాసిడ్ బ్యాటరీ కొంటే దాంట్లో సగమే వాడుకోవాలి, అంతకంటే లోతుకు దింపితే త్వరగా పాడవుతుంది. అంటే పై ఖర్చు ఒక్క రోజుకు తీరాలన్నా 200 ఏహెచ్ కావాలి, దాని బరువు యాభై ఐదు, అరవై కిలోల దాకా ఉంటుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో 80 నుంచి 90 శాతం వాడుకోవచ్చు, 100 ఏహెచ్‌ది పన్నెండు కిలోల చుట్టుపక్కల ఉంటుంది, రెండు వేల సార్లకు పైగా చార్జింగ్‌ను తట్టుకుంటుంది. ధరలో తేడా ఉంది, నిజమే. కానీ ఎన్నేళ్లు వస్తుందో దాంతో భాగించి చూస్తే రోజూ వ్యానులో ఉండేవాళ్లకు లిథియమే చవక.

దీనికి మరో కారణం ఉంది, దుకాణాల్లో ఎవరూ చెప్పరు. లెడ్ యాసిడ్ బ్యాటరీలో ఆఖరి ఇరవై శాతం నిండటానికి గంటలు పడుతుంది. సోలార్ మీద బతికే బండిలో ఆ ఇరవై శాతం నిండకముందే పొద్దు వాలుతుంది. అలా రోజుల తరబడి సగం సగంగా ఉన్న బ్యాటరీ పలకల మీద సల్ఫేట్ గట్టిపడి దాని సామర్థ్యం తగ్గిపోతుంది. లిథియంకు ఈ బాధ లేదు, సగం నిండినా దానికి ఇబ్బంది లేదు. దాని బలహీనత చలి. సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు దాన్ని చార్జ్ చేస్తే లోపల శాశ్వతంగా దెబ్బతింటుంది. మంచు ప్రాంతాల్లో తిరిగేవాళ్లు బ్యాటరీని మంచం కింద, వెచ్చని చోట పెట్టుకోవాలి, లేదా లోపలే హీటర్ ఉన్న రకం కొనాలి. వారాంతాల్లో మాత్రమే వెళ్లి, ఇంటికొచ్చి ప్లగ్గు పెట్టుకునేవాళ్లకు ఏజీఎం ఇప్పటికీ సరైన ఎంపికే.

చార్జింగ్ విషయానికొస్తే, ఇక్కడే మొదట అడిగిన ప్రశ్న మళ్లీ పనికొస్తుంది. రోజూ బండి నడిపేవాళ్లకు, ఇంజన్‌తో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీకి తగ్గట్టు చార్జ్ చేసే డీసీ టు డీసీ చార్జర్ చాలు. 30 ఆంపియర్లది రెండు గంటల డ్రైవింగ్‌లో 0.7 యూనిట్లకు పైగా నింపుతుంది. ఆల్టర్నేటర్‌కూ లిథియం బ్యాటరీకీ నేరుగా తీగ కలిపేయకండి. లిథియం ఎంతిస్తే అంత లాగేసి ఆల్టర్నేటర్‌ను వేడెక్కించి కాల్చేయగలదు. ఆగి ఉండేవాళ్లకు సోలార్ తప్పదు. పైకప్పు మీద పడుకోబెట్టిన 200 వాట్ల ప్యానెల్, మంచి ఎండ రోజున 0.8 యూనిట్ దాకా ఇస్తుంది. మబ్బు పట్టిన శీతాకాలంలో అందులో పదో వంతుకు కూడా పడిపోవచ్చు. ప్యానెల్‌కు వెలుగు కావాలి కానీ వేడి పనికిరాదు. ప్యానెల్ వేడి 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకి దాదాపు 0.3 నుంచి 0.4 శాతం ఉత్పత్తి తగ్గుతుంది. అందుకే ప్యానెల్‌కూ పైకప్పుకూ మధ్య గాలి ఆడే సందు వదలాలి.

వేసవిలో మనిషికి నీడ కావాలి, ప్యానెల్‌కు ఎండ కావాలి. ఈ రెంటికీ మధ్య పైకప్పు ప్యానెల్ ఒక్కటే ఉన్నవాళ్లు రోజూ నలుగుతారు. ఒక కొమ్మ నీడ పడినా ఉత్పత్తి బాగా పడిపోతుంది. పైన ఒకటి, పొడుగు తీగతో నేల మీద పరుచుకునే మడత ప్యానెల్ ఇంకొకటి పెట్టుకుంటే బండిని నీడలో, ప్యానెల్‌ను ఎండలో ఉంచవచ్చు. దొంగల భయం ఉన్న చోట మాత్రం మడత ప్యానెల్‌ను వదిలి కదలలేం.

పొయ్యి: గ్యాసా, ఇండక్షనా?

ఇండక్షన్ మీద లీటరు నీళ్లు మరిగించడానికి ఇన్వర్టర్ నష్టాలు కలిపి 0.12 యూనిట్ దాకా అవుతుంది, అంటే 100 ఏహెచ్ బ్యాటరీలో పదో వంతు. ఇద్దరికి రెండు పూటలా నిజంగా వండుకుంటే రోజుకు ఒక యూనిట్ అటూఇటూ పోతుంది. పైన వేసిన లెక్క రెట్టింపైంది చూడండి. పైగా 1,800 వాట్ల స్టవ్ 12 వోల్టుల మీద 150 ఆంపియర్లకు పైగా లాగుతుంది. దానికి తగ్గ లావు కేబుళ్లు, ఫ్యూజ్, పెద్ద ఇన్వర్టర్ కావాలి. తీగలు సన్నవైతే వేడెక్కి నిప్పంటుకుంటాయి.

గ్యాస్ కిలోకు దాదాపు 12.8 యూనిట్ల వేడి ఇస్తుంది. ఇంత శక్తిని ఇంత చిన్న జాగాలో ఏ బ్యాటరీ దాచుకోలేదు. దాని ఇబ్బందులు మూడు. ఒకటి, కిలో ప్రొపేన్ (ఎల్పీజీలో ఉండేవి ఇదీ, బ్యూటేనూ) మండితే కిలోన్నరకు పైగా నీటి ఆవిరి పుడుతుంది, అదంతా మీ గోడల మీదే చేరుతుంది. రెండు, ఎల్పీజీ గాలికంటే బరువు. లీకైతే కిందికి దిగి నేల మీద పేరుకుంటుంది, అందుకే సిలిండర్ పెట్టెకు అడుగున బయటికి తెరిచిన రంధ్రం ఉండాలి. మూడు, దేశం మారితే సిలిండర్ బిగింపు మారుతుంది. చలికి వెళ్లేవాళ్లు బ్యూటేన్ కాకుండా ప్రొపేన్ తీసుకోవాలి. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరి కావడం మానేస్తుంది, ప్రొపేన్ మైనస్ 42 దాకా పనిచేస్తుంది.

400 ఏహెచ్ లిథియం పెట్టగల స్థోమత, రోజూ డ్రైవ్ చేసే అలవాటు రెండూ ఉన్నవాళ్లకు ఇండక్షన్ నిజంగా హాయి. చెమ్మ ఉండదు, మంట ఉండదు, తుడుచుకోవడం తేలిక. మిగతావాళ్లకు గ్యాస్ ప్రధానంగా పెట్టుకుని, ప్లగ్గు దొరికిన చోట వాడుకోవడానికి ఒక చిన్న ఇండక్షన్ ప్లేటు ఉంచుకోమంటాను.

ఫ్రిజ్ గురించి పెద్దగా తర్జనభర్జన అక్కర్లేదు. కంప్రెసర్ రకమే తీసుకోండి. గ్యాస్ మీద నడిచే అబ్సార్ప్షన్ ఫ్రిజ్ 1922లో స్వీడన్‌లో వాన్ ప్లాటెన్, ముంటర్స్ అనే ఇద్దరు విద్యార్థులు కనిపెట్టిన పద్ధతి. అందులో కదిలే భాగమే లేదు, చప్పుడు ఉండదు, అది నాకు ఎంతో ముచ్చటైన యంత్రం. కానీ బండి సమంగా నిలబడకపోతే సరిగా పనిచేయదు, ఎండలు మండే రోజుల్లో చల్లదనం నిలబెట్టలేదు, 12 వోల్టుల మీద పెడితే బ్యాటరీని తాగేస్తుంది. కరెంటు తక్కువ, గ్యాస్ ఎక్కువ ఉండి, చల్లని ప్రాంతాల్లో నెలల తరబడి కదలకుండా ఉండేవాళ్లకు మాత్రం ఇప్పటికీ అదే మేలు.

చెమ్మ, చలి, వేడి

నిద్రలో మనం వదిలే ఊపిరిలో, చెమటలో నీరుంటుంది. ఇద్దరు పడుకుంటే ఒక్క రాత్రికి అర లీటరు దాకా గాలిలో చేరి, చల్లని రేకు మీద, కిటికీ అద్దాల మీద నీటి బొట్లవుతుంది. పరుపు కింద బూజు, రేకులకు తుప్పు వచ్చేది దీనివల్లే. ఇన్సులేషన్ మందం పెంచితే తీరిపోతుందనుకుంటారు, తీరదు. గాలి ఆడాలి. చలికాలంలో కూడా పైన ఫ్యానును నెమ్మదిగా తిప్పుతూ, దూరంగా కింద ఒక సందు తెరిచి ఉంచాలి. కొంచెం వెచ్చదనం పోతుంది, పోనివ్వండి. పరుపు కింద గాలి తగిలేలా చెక్క పట్టీలు వేయండి. గోడలకు నీరు పీల్చని, రేకుకు అతుక్కునే ఫోమ్ షీట్లు మంచివి. ఇళ్లకు వాడే గాజు ఉన్ని తడిస్తే ఆరదు, బండి కుదుపులకు కిందికి జారిపోతుంది.

హీటర్లలో ఎలక్ట్రిక్‌ది బ్యాటరీ మీద కుదరదు. కిలోవాట్ హీటర్ ఎనిమిది గంటలకు ఎనిమిది యూనిట్లు. డీజిల్ హీటర్ గంటకు 0.1 నుంచి 0.25 లీటర్ డీజిల్, కొద్దిపాటి కరెంటుతో రాత్రంతా పొడి వెచ్చదనం ఇస్తుంది, ఎందుకంటే దాని పొగ, ఆవిరి రెండూ పైపులో బయటికే పోతాయి. డీజిల్ బండి అయితే ట్యాంకులోంచే తీసుకుంటుంది. దాదాపు 1,500 మీటర్లు దాటిన కొండ ప్రాంతాల్లో గాలి పల్చబడి మసి పడుతుంది, ఎత్తుకు తగ్గట్టు ఇంధనం తగ్గించే ఏర్పాటు ఉన్నది కొనాలి. చప్పుడు ఇబ్బంది అనుకునేవాళ్లకు, బయటికి పొగగొట్టం ఉన్న గ్యాస్ హీటర్ నిశ్శబ్దంగా ఉంటుంది. పొగగొట్టం లేని గ్యాస్ హీటర్‌ను, వెచ్చదనం కోసం వెలిగించి వదిలేసే పొయ్యిని మాత్రం దయచేసి వాడకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఏ హీటర్ కొన్నా మంచం ఎత్తులో కార్బన్ మోనాక్సైడ్ అలారం, గ్యాస్ ఉంటే నేలకు దగ్గరగా గ్యాస్ లీక్ అలారం పెట్టాలి. ఈ ఒక్క విషయంలో ఎంపిక లేదు.

వేడి సంగతి చలికంటే కష్టం. ఏసీ గంటకు అర యూనిట్ నుంచి యూనిట్ పైగా తింటుంది, ప్లగ్గు లేకుండా రాత్రంతా నడపడం కొద్దిమందికే సాధ్యం. తెల్ల రంగు పైకప్పు, బయటివైపు నుంచి కప్పే కిటికీ తెరలు, ఎదురెదురు కిటికీలు, ఒక మంచి రూఫ్ ఫ్యాన్, వీటి మీదే ఎక్కువ ఖర్చు పెట్టడం తెలివైన పని. తెరలు లోపలివైపు కడితే వేడి అద్దం దాటి లోపలికి వచ్చేసినట్టే.

ఇక బండి

పైవన్నీ తేలాకే బండిని ఎంచుకోండి, ఎందుకంటే ఇప్పుడు మీకు కావలసిన బరువు, జాగా తెలుసు. ఎత్తు పైకప్పు వ్యానులో నిలబడి బట్టలు మార్చుకోవచ్చు, వండుకోవచ్చు. రోజూ అందులోనే ఉండేవాళ్లకు ఇదొక్కటీ మిగతా అన్ని సౌకర్యాల కంటే విలువైనది, వాన పట్టిన మూడో రోజున అది తెలిసొస్తుంది. చిన్న వ్యాను ఊళ్లలో ఎక్కడైనా పడుతుంది, డీజిల్ తక్కువ తాగుతుంది, ఎత్తు అడ్డుపట్టీలున్న పార్కింగ్‌లలోకి కూడా దూరుతుంది, కానీ ఒంగి బతకాలి. వెనక గది కట్టి వచ్చే మోటర్‌హోమ్ లోపల విశాలం, ఇరుకు దారుల్లో కష్టం. కారుకు తగిలించి లాగే కారవాన్ అయితే దాన్ని ఒక చోట వదిలి కారులో తిరగొచ్చు. పిల్లలతో నెలల తరబడి ఒకే చోట ఉండేవాళ్లకు నేను దానికే ఓటేస్తాను.

ఏ బండి అయినా దాని ప్లేటు మీద రాసిన గరిష్ఠ బరువును మనుషులు, నీళ్లు, గ్యాస్, సామాను అన్నీ కలిపిన బరువుతో పోల్చాలి. అన్నీ ఎక్కించి వే బ్రిడ్జి మీద కాటా వేయించండి. ముందు, వెనక ఇరుసుల మీద పడే బరువు విడిగా కూడా చూడండి. మొత్తం సరిపోయినా వెనక ఇరుసు మీద ఎక్కువైతే బ్రేకులు, టైర్లు మాట వినవు.

కొనే ముందు అలాంటి బండినే వారం పాటు అద్దెకు తీసుకుని, మీకు తగిలే కష్టమైన కాలంలోనే ఉండి చూడండి. సొంత బండి వచ్చాక కూడా మొదటి నెల ట్యాంకుకు బదులు క్యాన్లు, బిగించిన స్టవ్‌కు బదులు చిన్న గ్యాస్ స్టవ్, పైకప్పు ప్యానెల్‌కు బదులు మడత ప్యానెల్‌తో గడపండి. మంచం ఎటు ఉంటే నిద్ర పడుతోందో, గాలి ఎటు నుంచి వస్తోందో తెలిశాక పైకప్పుకు ఫ్యాను కోసం కోత పెట్టండి. అక్కడి నుంచే అలమరాలు, పైపులు, తీగలు ఒక్కొక్కటిగా బిగించుకుంటూ రావచ్చు.